దోమ గుట్టు తెలిసికొన్న మహనీయుడు – సర్ రోనాల్డ్ రాస్

పరీక్షిన్మహారాజు శాపభీతుడై ఒంటికంబపు మేడ కట్టించుకొని, చుట్టును విషవైద్యులను, మంత్రవేత్తలను కాపుంచుకొనెను. చీమకైనను చొరరాని ఆ మేడలోనికి తక్షకుడు పండులోని పురుగు రూపమున ప్రవేశించి రాజును కాటువేసెను. పెద్ద శత్రువు వాకిటనే పట్టువడును. కంటికానరానంత చిన్న శత్రువు మన చేతిలోని పండునందే కూర్చుండి లోనికి వచ్చును. భారతము చదువు బాలురకు ఈ ఘట్టమే సూక్ష్మజీవులను గూర్చిన మొదటి పాఠముగా చెప్పదగియున్నది. కలరా, టైఫాయిడు, మలేరియా మున్నగు వ్యాధులన్నియు ఇట్టి కానరాని తక్షకులు తెచ్చి పెట్టునవియే.

ఈ శత్రువులలో మలేరియా క్రిమి ఏ వాహనమెక్కి మన యొడలికి వచ్చుచున్నదో కనుగొన్న ధీశాలి సర్ రోనాల్డ్ రాస్. ఆయన దానిని కనుగొన్న చోటు సిద్దిపేటకు నూరు కిలోమీటర్ల దూరముననున్న సికిందరాబాదు. మన మన్యములందును, చెరువుగట్ల పల్లెలందును తరతరములుగ మనుష్యులను కుదిపిన చలిజ్వరపు రహస్యము మన గడ్డపైననే బయటపడుట తెలుగువారు మరువరాని సంగతి.

బాల్యము – విద్య

రాస్ 1857వ సంవత్సరము మే 13వ తేదీన హిమాలయ ప్రాంతమందలి అల్మోరా పట్టణమున జన్మించెను. తండ్రి భారతదేశపు ఆంగ్లేయ సైన్యమునందు ఉద్యోగి. తరువాత సేనాధిపతి పదవి నందినవాడు. పదిమంది సంతానములో రాస్ జ్యేష్ఠుడు. ఎనిమిదవ యేట ఆయనను చదువు కొరకు ఇంగ్లండునకు పంపిరి. బాలునికి కవిత్వము, సంగీతము, చిత్రలేఖనము, గణితము ప్రాణప్రదములు. వైద్యముపై మాత్రము ఆసక్తి లేకుండెను. అయినను తండ్రి ఆజ్ఞకు బద్ధుడై, పదునేడేండ్ల ప్రాయమున లండనులోని సెయింట్ బర్తొలొమ్యూ ఆసుపత్రియందు వైద్యవిద్యకు చేరెను.

మనసు లేని చదువు ముందునకు సాగుట కష్టము. రాస్ పాఠముల కంటె పద్యరచనయందును, సంగీతమునందును ఎక్కువ ప్రొద్దు పుచ్చెను. పరీక్షలలో ఒకటి తప్పెను. కొంతకాలము ఓడపై వైద్యుడుగా పనిచేసి, మరల చదివి, 1881లో భారత వైద్యసేవయందు ప్రవేశించెను. తరువాతి కాలమున లోకమంతయు కొనియాడిన యీ పరిశోధకుడు బాల్యమున మేటి విద్యార్థి కాకపోవుట, పరీక్ష తప్పిన పిల్లలకును వారి తలిదండ్రులకును ధైర్యము నొసగు విషయము.

నీటితొట్టి నేర్పిన పాఠము

మద్రాసు, బెంగుళూరు, బర్మా, అండమాను ప్రాంతములయందు రాస్ ఉద్యోగము చేసెను. 1883లో బెంగుళూరునందుండగా ఆయన బసలో దోమల బాధ మితిమీరెను. ఇతరుల గదులలో లేనన్ని దోమలు తన గదిలోనే యేల యుండవలెనని ఆలోచించి చుట్టును వెదకెను. కిటికీ ప్రక్కన నీటితొట్టి యొకటి కలదు. దానిలో సన్నని పురుగులు మెలికలు తిరుగుచుండెను. తొట్టిని బోర్లించినంతనే దోమలు తగ్గిపోయెను. తక్కిన చోట్లను ఇట్లే చేయింపుమని పై యధికారికి చెప్పగా, సృష్టిలోని ప్రాణులకు ఏదో ప్రయోజనముండునను భావముతో ఆయన ఒప్పుకొనలేదట. ఆ మాట నేటికిని పలుచోట్ల వేఱువేఱు రూపములలో వినవచ్చుచునే యున్నది.

క్రమముగా రాస్ మనసు వైద్యమువైపు తిరిగెను. పుస్తకములలో వ్రాసినదానికిని రోగి పడకవద్ద కనబడుదానికిని పొంతన కుదరకపోవుటయే ఆ మార్పునకు కారణము. సెలవుపై ఇంగ్లండునకు బోయి ప్రజారోగ్యశాస్త్రమును, సూక్ష్మజీవశాస్త్రమును అభ్యసించెను. 1889లో వివాహము చేసికొని మరల భారతదేశమునకు వచ్చెను.

నాటికి తెలిసినది, తెలియనిది

మన ఆయుర్వేదము విషమజ్వరములను వేళను బట్టి విభజించినది. దినము విడిచి దినము వచ్చునది తృతీయకము. రెండు దినములు విడిచి వచ్చునది చాతుర్థకము. లక్షణమును ఇంత సూక్ష్మముగ గమనించిన పెద్దలకును కారణము అందలేదు. పాశ్చాత్యులకును అందలేదు. చిత్తడినేలల నుండి లేచు చెడుగాలియే ఈ జ్వరమునకు మూలమని వారి నమ్మకము. మలేరియా యను ఇటలీ మాటకు అర్థమే చెడుగాలి. చెరువుదాపున జ్వరము ఎక్కువయను పరిశీలన సత్యమే; గాలికి అంటగట్టిన నేరము మాత్రము అసత్యము.

1880లో అల్జీరియా దేశమందున్న లావెరాన్ అను ఫ్రెంచి సైనికవైద్యుడు జ్వరపీడితుల రక్తమునందు సజీవమైన క్రిమిని చూచెను. రాస్ మొదట ఈ సంగతిని నమ్మలేదు. తాను రక్తమును పరీక్షించినపుడు ఆ క్రిమి కనబడకపోగా, అది లేదనియే వ్యాసములు వ్రాసెను. 1894లో సెలవుపై లండనునకు వెళ్లినపుడు పాట్రిక్ మాన్సన్ అను వైద్యపండితుడు సూక్ష్మదర్శినిలో దానిని ప్రత్యక్షముగా చూపించెను. కన్నులార చూచిన పిమ్మట రాస్ తన పంతము నాడే విడిచెను.

మాన్సన్ అంతకు పూర్వము చైనాదేశమున పనిచేయుచు, బోదకాలు క్రిమి దోమలోనికి చేరునని కనుగొన్నవాడు. మలేరియా క్రిమియు దోమలో కొంత కాలము పెరుగునేమోయని ఆయన ఊహించెను. ఆ ఊహను పరీక్షించు భారమును రాస్ తన భుజముల నెత్తుకొని, 1895లో భారతదేశమునకు మరలివచ్చి, సికిందరాబాదునందలి సైనికపటాలమునకు వైద్యుడుగా చేరెను.

సికిందరాబాదులో తపస్సు

రాస్ పని చూచువారికి వేడుకగా నుండెను. నీటిగుంటల నుండి దోమపురుగులను తెప్పించి, సీసాలలో పెంచి, రెక్కలు వచ్చిన దోమలను దోమతెరలోనికి వదలును. తెరలోపల జ్వరరోగి పండుకొనియుండును. రోగిని కుట్టి రక్తము త్రాగిన దోమ యొక్కటికి ఒక అణా చొప్పున ఆయన రోగికి చెల్లించెను. హుసేన్ ఖాన్ అను రోగి ఇట్లు ఆయనకు తోడ్పడెను. పిమ్మట ఆ దోమలను చంపి, సూదిమొనతో చీల్చి, వాని కడుపులను సూక్ష్మదర్శిని క్రింద అంగుళమంగుళము గాలించెను.

దోమజాతులన్నియు మలేరియాను మోయవని నాడు ఎవరికిని తెలియదు. రాస్ చీల్చిన బూడిదవన్నె దోమలలోను, చారల దోమలలోను మలేరియా క్రిమి పెరుగుటకు వీలులేదు. కనుక రెండేండ్ల శ్రమ వ్యర్థమైనట్లు తోచెను. మాన్సన్ ఊహలోను ఒక లోపముండెను. చచ్చిన దోమలు పడిన నీటిని త్రాగుటవలన జ్వరము వచ్చునని ఆయన తలచెను. రాస్ అట్టి నీటిని, అంగీకరించిన కొందరిచే త్రాగించియు చూచెను. ఆ దారిలో రుజువు దొరకలేదు. నేటి వైద్యధర్మము ఇట్టి పరీక్షకు సమ్మతింపదు.

నడుమ 1895లో బెంగుళూరున కలరా చెలరేగగా, పారిశుధ్యపు పనికై ప్రభుత్వము రాస్‌ను అచటికి పంపెను. బావుల కాపుదల, మురుగు తీసివేయుట, వీధుల శుభ్రత మొదలగు పనులలో ఆయన మునిగిపోయెను. కలరా క్రిమి మలముతో చెడిన నీటి ద్వారమున నోటిలోనికి పోవునది. మలేరియా క్రిమి వేఱొక దారిన వచ్చునది. ఒక్కొక్క వ్యాధికి ఒక్కొక్క దారి కలదనియు, ఆ దారిని కనుగొని మూసినగాని వ్యాధి ఆగదనియు ఆయన దృఢముగ గ్రహించెను. 1897 వేసవిలో నీలగిరుల దిగువనున్న సిగూరు కనుమకు పరిశోధనకై పోయినపుడు ఆయనకే మలేరియా సోకెను. లేచి తిరుగు శక్తి వచ్చినంతనే మరల సికిందరాబాదు చేరి పనికి పూనుకొనెను.

1897 ఆగస్టు 20

ఆ యేడు ఆగస్టు మాసమున ఆయన సహాయకులు క్రొత్తరకపు దోమపురుగులను తెచ్చిరి. వానినుండి మచ్చల రెక్కలు గల గోధుమవన్నె దోమలు వెలువడెను. నేడు అనాఫిలిస్ అని పిలువబడు జాతి యిదియే. ఆగస్టు 16న వానిని హుసేన్ ఖాన్ తెరలోనికి వదలిరి. తరువాత దినమునకు కొన్ని చొప్పున రాస్ వానిని చీల్చి పరీక్షింపసాగెను.

ఉక్క మెండుగనుండెను. పంకా లాగించినచో దోమలు ఎగిరిపోవునని గాలి లేకయే కూర్చుండెను. నుదుటి చెమటచే సూక్ష్మదర్శిని మరలు త్రుప్పుపట్టెను. చూచు అద్దము పగిలియుండెను. దోమలో ప్రతి భాగమును వెదకుటకు గంటలకొలది కాలము పట్టును. 20వ తేదీన, రక్తము త్రాగి నాలుగు దినములైన దోమను తీసికొనెను. దాని శరీరమంతయు వెదకినను ఏమియు కానరాలేదు. కడుపు మాత్రము మిగిలెను. అలసిన కన్నులతో దానిని కూడ చూచుచుండగా, కడుపుగోడయందు గుండ్రని కణమొకటి కనబడెను. అట్టివే మరికొన్ని కనబడెను. వానియందు నల్లని రేణువులు కలవు. మలేరియా రోగి రక్తములోని క్రిమియందుండు నల్లని రేణువులు అచ్చముగ ఇవియే. దోమకు సహజముగ ఇట్టివి ఉండవు.

మరునాడు మరియొక దోమను చీల్చెను. ఆ కణములు నిన్నటికంటె పెద్దవై యుండెను. రోగి రక్తముతో లోనికి పోయిన క్రిమి దోమకడుపున జీవించి పెరుగుచున్నదని స్థిరపడెను. సీతాన్వేషణమునకై లంక నంతయు గాలించి నిరాశపడిన హనుమంతునికి తుదకు అశోకవనము కనబడినట్లు, రెండేండ్ల నిరాశ పిమ్మట రాస్‌కు ఆ మచ్చల రెక్కల దోమ దొరకినది. ఆ రాత్రి ఆయన తన ఆనందమును పద్యరూపమున వ్రాసికొనెను. పరిశోధనాఫలితము అదే యేడు డిసెంబరులో ఇంగ్లండునందలి వైద్యపత్రికలో వెలువడెను.

మిగిలిన సగము

పని సగమే ముగిసినది. దోమ కడుపులోని క్రిమి మరల మనిషిలోనికి ఎట్లు వచ్చునో తేలవలసియుండెను. ఇంతలో ప్రభుత్వము ఆయనను రాజపుతానా యందలి ఖేర్వాడాకు బదిలీ చేసెను. పరిశోధనకు కావలసిన రోగులు అచట లేరైరి. ఆయన మొరపెట్టుకొనగా, మాన్సన్ పలుకుబడియు తోడుకాగా, 1898 ఆరంభమున కలకత్తాకు పంపిరి. అచటను రోగులు చాలినంతగా దొరకకపోవుటచే ఆయన పక్షులకు వచ్చు మలేరియాను ఎన్నుకొనెను. మహమ్మద్ బక్స్ అను సహాయకుడు పిచ్చుకలను, దోమలను సేకరించుటలో మిక్కిలి తోడ్పడెను.

1898 జూలై మాసమున గుట్టు పూర్తిగా విడిపోయెను. దోమకడుపులోని కణములు పక్వమై పగులగా, వానినుండి వేలకొలది సన్నని క్రిములు బయలుదేరి దోమ లాలాజలపు తిత్తులను చేరుచున్నవి. దోమ కుట్టునపుడు లాలాజలముతోపాటు క్రిములు శరీరమున ప్రవేశించుచున్నవి. వ్యాధిగల పక్షి రక్తము త్రాగిన దోమలచే ఆరోగ్యముగల పిచ్చుకలను కుట్టించి, వానికిని వ్యాధి వచ్చుటను రాస్ రుజువు చేసెను. చెడుగాలియు నిర్దోషి యయ్యెను. దోమ పడిన నీరును నిర్దోషి యయ్యెను. దోషము దోమకాటుదే.

అదే సంవత్సరమున ఇటలీ దేశమున గ్రాసీ యను శాస్త్రజ్ఞుడు, ఆయన తోడివారు మనుష్యుల మలేరియా క్రిమి అనాఫిలిస్ దోమలో పూర్తిగా పెరుగు తీరును నిరూపించిరి. ఈ కీర్తిలో ఎవరి పాలెంతయను వివాదము రాస్‌కును గ్రాసీకిని నడుమ ఏండ్లతరబడి సాగెను. ఆ వాదమున రాస్ మాట కఠినమైనది. తనకు గురుతుల్యుడైన మాన్సన్‌తోను పిమ్మటి కాలమున ఆయనకు పొసగలేదు. చంద్రునికి మచ్చ యున్నట్లు మహనీయులకును లోపము లుండును. వానిచే వారి సేవ తగ్గదు.

దోమలపై దండయాత్ర

1899లో రాస్ భారత వైద్యసేవను విడిచి, క్రొత్తగా వెలసిన లివర్‌పూలు ఉష్ణదేశ వైద్యవిద్యాలయమున ఉపన్యాసకుడుగా చేరెను. అదే యేడు ఆఫ్రికాయందలి సియర్రా లియోనునకు పోయి, అచటను అనాఫిలిస్ దోమయే మలేరియాను మోయుచున్నదని తెలిసికొనెను. 1902లో ఆయనకు వైద్యమునందు నోబెల్ బహుమానము లభించెను. ఆ బహుమానము నందిన మొదటి ఆంగ్లేయ ప్రజ ఆయనయే.

బహుమానముతో ఆయన తృప్తిపడలేదు. తెలిసిన సత్యము జనుల వాకిటికి చేరనిచో వ్యర్థమని ఆయన నమ్మకము. వైద్యులు కాని సామాన్యులు సహితము దళములుగా నేర్పడి దోమలను రూపుమాపు విధమును వివరించుచు 1902లో పుస్తకము ప్రకటించెను. సూయజు కాలువపైనున్న ఇస్మాయిలియా పట్టణము ఈ మాటకు నిదర్శనమైనది. అచట 1902లో సుమారు 1,500 మంది మలేరియా పాలుకాగా, గుంటలు పూడ్చి, నీటిని పారించి, దోమపురుగులను నాశనము చేసిన పిమ్మట 1903లో ఆ సంఖ్య 200 ప్రాంతమునకు దిగెను. 1904లో నూరునకు లోపల నిలిచెను. జనమేజయుడు తండ్రిని చంపిన పామును సర్పయాగమున దహింపబూనెను. రాస్ చేయించిన యాగమునకు హోమగుండము లేదు, మంత్రము లేదు. పార, తట్ట, గుంటపై పోయు నూనె, ఊరివారి ఐకమత్యము చాలినవి.

1911లో ఆయనకు సర్ బిరుదము వచ్చెను. 1926లో లండనుయందు ఆయన పేర పరిశోధనాలయమును, వైద్యశాలను స్థాపించిరి. ఆయన 1932 సెప్టెంబరు 16న అచటనే పరమపదించెను. సికిందరాబాదులో ఆయన పరిశోధన చేసిన భవనము బేగంపేటయందు కలదు. ఆ పరిశోధన శతవార్షికోత్సవము 1997లో హైదరాబాదున జరిగెను. ఆగస్టు 20వ తేదీని ప్రపంచమంతట దోమల దినముగా జరుపుచున్నారు.

ఏమరుపాటు తెచ్చిన ముప్పు

స్వాతంత్ర్యము వచ్చిన నాటికి మన దేశమున ఏటేట ఏడున్నర కోట్లమంది మలేరియాకు లోనగుచుండిరనియు, ఎనిమిది లక్షలమంది మరణించుచుండిరనియు అంచనా. 1953లో ప్రభుత్వము జాతీయ మలేరియా నిరోధకార్యక్రమము నారంభించి, ఇండ్లలో డి.డి.టి. చల్లించెను. 1965 నాటికి రోగుల సంఖ్య సుమారు ఒక లక్షకు తగ్గెను. వ్యాధి పోయినదను ధీమా పెరిగెను, జాగ్రత్త సడలెను, దోమలును మందునకు అలవాటుపడెను. 1976లో ఆ సంఖ్య 64 లక్షలకు మరల పెరిగెను. తరువాత చేసిన కృషివలన మిక్కిలి తగ్గినది. అప్పు, నిప్పు, పగ శేషముంచరాదను పెద్దల మాటలో రోగమును కూడ చేర్చవలెనని ఈ చరిత్ర తెలుపుచున్నది.

బాలురకు నేర్పదగిన విధము

రాస్ చరిత్రమును పాఠశాలలో చెప్పుటకు సూక్ష్మదర్శిని లేకున్నను సాగును. బడి వెనుక గుంటలోని నీటిని గాజుసీసాలో పట్టి, మూతికి పలుచని గుడ్డ గట్టి, పిల్లల యెదుట ఉంచవలెను. పురుగు మెలికలు తిరుగుట, గాలి పీల్చుటకు పైకి వచ్చుట, ముడుచుకొని గూటిపురుగగుట, రెక్కలు విప్పి దోమయగుట పిల్లలు దినదినము తామే చూతురు. గ్రుడ్డు దోమయగుటకు వారము పది దినములు పట్టును. కనుక వారమునకొకసారి నీటిపాత్రలను ఖాళీచేసి, తోమి, ఎండబెట్టినచో ఏ దోమయు పుట్టజాలదు. ఈ నియమము ఎందుకు పుట్టినదో సీసాలో చూచిన పిల్లవాడు ఎన్నటికిని మరువడు.

పిమ్మట ఆ పిల్లలనే ఇంటికి పంపి, వాకిట నీరు నిలుచు చోట్లను లెక్కింపుమనవలెను. కుడితి గోళెము, పక్షులకు పెట్టిన మూకుడు, పాత టైరు, కొబ్బరిచిప్ప, కూలరు అడుగు, బోరింగు దాపునగల గుంట, మూతలేని తొట్టి – పది వాకిండ్లు చూచిన పిల్లవాడే రాస్ దళమునకు సేనానాయకుడగును. ఇంటింటికి నల్లానీరు నిచ్చు మిషన్ భగీరథ పథకము 2016 ఆగస్టు 7న సిద్దిపేట ప్రాంతమందలి గజ్వేలు దాపున కోమటిబండలో ప్రారంభమైనది. నల్లా వచ్చిన వాకిట నీరు పారి మడుగు కట్టినచో, భగీరథుడు తెచ్చిన గంగ దోమలకే దక్కును. డెంగ్యూ తెచ్చు చారల దోమ పగటిపూట కుట్టునదనియు, మన యిండ్లలోని మంచినీటియందే గ్రుడ్లు పెట్టుననియు పిల్లలు తెలిసికొనవలెను.

బెంగుళూరు కలరా కథతో చేతుల శుభ్రత పాఠము చెప్పవచ్చును. ఒక పిల్లవాని అరచేతికి పసుపు పూసి, పదిమందితో చేతులు కలుపుమన్నచో, చివరివాని చేతికిని పసుపు అంటును. పసుపు కంటికి కనబడినది, క్రిమి కనబడదు. మరుగుదొడ్డికి పోయి వచ్చిన వెంటనే, అన్నము తినుటకు ముందు సబ్బుతో చేతులు కడుగవలెనను మాట అపుడు ఆజ్ఞగాక అర్థమగును. చలితో జ్వరము వచ్చినవానికి రక్తపరీక్ష చేయించి, వైద్యుడు చెప్పినన్నినాళ్లు మందు మ్రింగింపవలెను. జ్వరము తగ్గినదని నడుమ మానినచో క్రిమి రక్తమున మిగిలి, దోమద్వారా పొరుగువానిని చేరును. ఒకని యొంటి జ్వరము ఊరందరి పూచీయగుట ఇందువలననే.

రాస్‌కు అనుకూలించినవి ధనము గాదు, గొప్ప పరికరములు గాదు. తన నమ్మకము తప్పని తెలిసినపుడు విడిచిపెట్టు బుద్ధియు, దొరకువరకు వెదకు పట్టుదలయు ఆయనకుండెను. దూరదేశముననున్న గురువునకు ఆయన నూరుకు పైగా జాబులు వ్రాసి, చేసిన ప్రతి పరీక్షను, కలిగిన ప్రతి సందేహమును విన్నవించెను. చదువుట, చూచుట, వ్రాసియుంచుట యను మూడును కలిసి ఆ విజయమును తెచ్చినవి. గ్రంథాలయపు అరుగున కూర్చుండి చదువు పిల్లవాడు పుస్తకము మూసి లేచి, ప్రక్కనున్న నీటిగుంటను పరీక్షగా చూచినచో, సికిందరాబాదులో ఒంటరిగ శ్రమించిన ఆ వైద్యుని ఋణము కొంత తీరినట్లే.